వార్తల్లో పదం: పీఈడీ

'పీఈడీ' అంటే ప్రీ ఎగ్జిస్టింగ్ డిసీజ్. ఆరోగ్య బీమా తీసుకునే నాటికే ఉన్న జబ్బు అన్నమాట. పాలసీ మొదలయ్యే ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించినా, మందులిచ్చినా, సలహా చెప్పినా అది ఈ లెక్కలోకి వస్తుంది.

జుట్టు రంగునే తీసుకోండి. నల్ల రంగుల్లో ఎక్కువగా వాడే పీపీడీ రసాయనం కొందరికి పడదు. తల దురద పెడుతుంది, ముఖం వాస్తుంది. డాక్టరు చీటీలో 'అలర్జీ' అని రాశారంటే, బీమా దరఖాస్తులో అడిగినప్పుడు ఆ మాట చెప్పాల్సిందే.

చెబితే ఆ సమస్యకు సంస్థ 'వెయిటింగ్ పీరియడ్' పెట్టవచ్చు. ఈ గడువు గరిష్ఠంగా 48 నెలలు ఉండేది; 2024 ఏప్రిల్ నుంచి నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాన్ని 36 నెలలకు తగ్గించింది. దాచిపెడితే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. పాలసీ వరుసగా 60 నెలలు నడిచాక మాత్రం, మోసం రుజువైతే తప్ప ఆ సాకు చెల్లదు.

అలర్జీని గుర్తించే ప్యాచ్ టెస్ట్ వంటి ఓపీ ఖర్చులు చాలా పాలసీల్లో రావు. నాందేడ్ జిల్లా ధర్మాబాద్, దెగ్లూరు, బిలోలిలోని తెలుగువారు నిజామాబాద్‌లో చూపించుకున్నా ఇవే నిబంధనలు. సంస్థ జవాబు నచ్చకపోతే వారు పుణేలోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.