మెడలో డిస్కు జారితే ఆపరేషను తప్పదా?

మెడలో మొదలైన నొప్పి భుజం మీదుగా చేతిలోకి దిగుతుంది. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. పరీక్ష చేయించుకుంటే "డిస్కు జారింది" అంటారు. ఆ మాట వినగానే ఆపరేషను తప్పదేమోనని కొందరు బెంగ పెట్టుకుంటారు. ఆపరేషను చేయిస్తే కాళ్ళూ చేతులూ పడిపోతాయని మరికొందరు ఆసుపత్రి గడపే తొక్కరు. అసలు సంగతి తెలుసుకుంటే ఈ రెండు భయాలూ చాలావరకు తగ్గుతాయి.

మన మెడలో 7 వెన్నుపూసలు ఉన్నాయి. మొదటి రెండింటి మధ్య తప్ప, మిగిలిన పూసల మధ్య మెత్తని దిండులాంటి డిస్కు ఉంటుంది. అది నిజానికి ఎక్కడికీ జారిపోదు. పైపొర చిట్లి, లోపలి గుజ్జు బయటకు పొడుచుకు వచ్చి, పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. 5, 6 పూసల మధ్య ఇలా జరిగితే సాధారణంగా బొటనవేలి వైపు, 6, 7 పూసల మధ్య అయితే నడిమివేలి వైపు తిమ్మిరి తెలుస్తుంది.

ఇలా బయటకు వచ్చిన గుజ్జును చాలాసార్లు శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. అందుకే ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషను లేకుండానే నయమవుతుంది.

ఈలోగా నొప్పి తగ్గించే మాత్రలు డాక్టరు సలహాపై వాడాలి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. కాలరు కొద్దిరోజులకే పరిమితం. నెలల తరబడి పెట్టుకుంటే మెడ కండరాలు బలహీనపడతాయి. నొప్పి కాస్త తగ్గాక ఫిజియోథెరపీ నిపుణులు నేర్పిన వ్యాయామాలు చేయండి. స్టిరాయిడ్ ఇంజక్షనుతో కొందరికి కొంతకాలం ఉపశమనం ఉంటుంది. కాని అరుదుగా ప్రమాదాలూ ఉన్నాయి కనుక అది అందరికీ అవసరం లేదు. సెలూన్లో మెడ విరిపించుకోవడం మాత్రం వద్దే వద్దు. మెదడుకు వెళ్ళే రక్తనాళం లోపలి పొర చిట్లి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

ఎం.ఆర్.ఐ. ఫిల్ము ఒక్కటే చూసి హడలిపోకండి. ఏ నొప్పీ లేనివారిలో కూడా వయసుతోపాటు డిస్కు ఉబ్బు కనిపిస్తుంది.

మరి ఆపరేషను ఎప్పుడు? ఇన్ని వారాల చికిత్స తర్వాత కూడా భరించలేని నొప్పి ఉన్నప్పుడు. చేతి పట్టు రోజురోజుకీ తగ్గుతున్నప్పుడు. అన్నిటికంటె ముఖ్యంగా, వెన్నుపామే నొక్కుకుపోతున్నప్పుడు. ఇందులో ఒక్కోసారి నొప్పే ఉండదు! చొక్కా బొత్తాలు పెట్టుకోలేరు, అన్నం కలపబోతే వేళ్ళు సహకరించవు, నడకలో తూలుతారు, మూత్రం మీద అదుపు తప్పుతుంది. ఈ స్థితిలో రోజులు వాయిదా వేయకూడదు. పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఇంకా పోకుండా ఆపడమే మొదటి లాభం.

సాధారణంగా మెడ ముందువైపు నుంచి డిస్కు తీసి, రెండు పూసలను అతుకుతారు. 1950ల నుంచీ వాడుకలో ఉన్న పద్ధతి ఇది. కొందరికి కృత్రిమ డిస్కు అమర్చవచ్చు. కొన్నాళ్ళు గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టం కావడం ఉండవచ్చు. నరాలకు హాని జరగడం అరుదు.

కనుక నొప్పి తగ్గినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. నిండు చెంబు ఎత్తగలుగుతున్నారా, బొత్తాలు పెట్టుకోగలుగుతున్నారా, తిన్నగా నడవగలుగుతున్నారా అని మీకు మీరే చూసుకుంటూ ఉండండి. వీటిలో ఏది తేడాగా తోచినా, ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళండి.