వీసా కూడా ఒక ఒప్పందమే

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు 'వీసా' కొత్త మాట కాదు. బీడీలు చుట్టే ఇళ్లలోనూ మరమగ్గాలు నడిచే వాడల్లోనూ అది తరాలుగా వినిపిస్తూనే ఉంది. తాత కంపెనీ వీసా మీద సౌదీకి వెళ్లాడు. తండ్రి ఆజాద్ వీసా కొనుక్కొని దుబాయికి వెళ్లాడు. ఇప్పుడు మనవల నోట 'యూరప్ విజిట్' అనే మాట వస్తున్నది.

ఈ విషయమై సలహా కోరి మా వద్దకు వచ్చేవారు రెండు రకాలు. జర్మనీలోనో ఫ్రాన్సులోనో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న సంతానాన్ని చూసి రావాలనుకునే తల్లిదండ్రులు మొదటి రకం. కూతురి కాన్పుకు తోడుగా వెళ్లదలచిన తల్లులు వీరిలో ఉంటారు. "ముందు టూరిస్టుగా దిగు, పని అదే దొరుకుతుంది" అన్న ఏజెంటు మాట నమ్మిన యువకులు రెండవ రకం. ఇద్దరూ నింపే దరఖాస్తు ఒక్కటే, తేడా సంకల్పంలో ఉంది. నియ్యత్‌కు మన ధర్మంలో ఎంతటి స్థానం ఉందో పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు.

ఫుఖహాలు చెప్పిన 'అమాన్'

ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) శిష్యులైన ఇమామ్ ముహమ్మద్ బిన్ హసన్ షైబానీ హిజ్రీ 189లో పరమపదించారు. దేశాల మధ్య సంబంధాలపై ఆయన రచించిన 'సియర్' గ్రంథాలలో 'అమాన్' గురించి విపులమైన చర్చ ఉంది. అమాన్ అంటే అభయం. ఒక వ్యక్తి పరాయి రాజ్యంలోకి అభయం పొంది ప్రవేశిస్తే ఆ రాజ్యం అతని ప్రాణానికీ సొమ్ముకూ హాని చేయదు. అతడు కూడా అక్కడి వారికి ద్రోహం చేయరాదు. ఆ పాలకుల మతం ఏదైనా ఈ బాధ్యతలో మార్పు లేదని మన ఫుఖహాలు స్పష్టం చేశారు. నాడు మాటతోనో ఉత్తరంతోనో లభించిన ఆ అభయం నేడు వీసా రూపంలో లభిస్తున్నదని ఈ కాలపు ఉలమాలు అనేకులు వివరించారు.

ఐరోపాలోని షెంగెన్ దేశాల వీసా దరఖాస్తు చివరి భాగంలో ఒక వాగ్దానం ఉంటుంది. వీసా మంజూరైతే దాని గడువు తీరకముందే ఆ దేశాల భూభాగాన్ని విడిచి వెళతానని దరఖాస్తుదారు అందులో మాట ఇస్తాడు. తాను ఇచ్చిన వివరాలు సత్యమనీ, అసత్యమైతే వీసా తిరస్కరణకూ రద్దుకూ చట్టపరమైన చర్యకూ గురికావలసి వస్తుందని తెలుసుననీ ఒప్పుకుంటాడు. ఏజెంటు నింపిన కాగితంపై చదవకుండా సంతకం చేసేవారికి తాము ఇచ్చిన మాట ఏమిటో తెలియదు. తెలియకపోయినంత మాత్రాన సంతకం బాధ్యత తొలగిపోదు. ఒప్పందాలను నెరవేర్చమని సూరయే మాయిదా తొలి ఆయత్‌లోనే విశ్వాసులకు ఆదేశం ఉంది.

లెటర్‌హెడ్ అడిగిన పెద్దమనిషి

కొంతకాలం క్రితం మాకు బాగా పరిచయమున్న ఒక పెద్దమనిషి మదర్సాకు వచ్చారు. కుమారునికి యూరప్ విజిట్ వీసా పెట్టిస్తున్నామనీ, ఫైలులో ఉద్యోగపు ఉత్తరం ఉండాలని ఏజెంటు అన్నాడనీ చెప్పారు. అతడు మా మదర్సాలో ఉపాధ్యాయుడనీ, ఇంత జీతమనీ, నెల రోజుల సెలవు మంజూరైందనీ లెటర్‌హెడ్ మీద రాసి ముద్ర వేయమన్నారు. ఆ అబ్బాయి మా వద్ద ఒక్క రోజు కూడా పాఠం చెప్పలేదు. మేము కుదరదన్నాము. "అందరూ చేస్తున్నదే కదా మౌల్వీ సాబ్! ఒక కాగితంతో పిల్లవాని బతుకు బాగుపడుతుంటే మీకేం నష్టం?" అని నొచ్చుకొని వెళ్లిపోయారు. నేటికీ ఎదురుపడితే సలాముకు జవాబు తప్ప మాట లేదు.

ఆయన బాధ మాకు అర్థమైంది. ఇంట్లో ఎదిగిన కొడుకు ఖాళీగా ఉంటే తండ్రికి నిద్ర పట్టదు. అయినా అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఘోర పాపాలలో చేర్చారు. లోకదృష్టిలో చూసినా నష్టం ఆ పిల్లవానికే. షెంగెన్ దరఖాస్తుల సమాచారం, వేలిముద్రలతో సహా, ఆ దేశాలన్నీ చూడగల ఉమ్మడి వ్యవస్థలో 5 సంవత్సరాలు నిలిచి ఉంటుంది. ఒక దేశానికి చెప్పిన అబద్ధం మరో దేశపు అధికారి కంటపడవచ్చు. నకిలీ పత్రాన్ని అసలుదిగా చూపడం మన దేశ చట్టంలోనూ నేరమే.

సక్రమమైన మార్గం

నిజంగా చూసి రావడానికే వెళ్లేవారికి ఈ మార్గం అంత కఠినమేమీ కాదు. ప్రస్తుతం 29 దేశాలు షెంగెన్ పరిధిలో ఉన్నాయి. బ్రిటన్, ఐర్లాండ్ అందులో లేవు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. ఏ 180 రోజులు లెక్కించినా వాటిలో 90 రోజులకు మించి ఉండరాదు. కూతురి కాన్పుకు వెళ్లే తల్లి ఈ లెక్కను ముందే చూసుకోవాలి.

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు ఇవ్వవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. నిర్ణయానికి సాధారణంగా 15 రోజులు పడుతుంది, అవసరమైతే 45 రోజుల వరకు పొడిగిస్తారు. 2024 జూన్ నుంచి రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45. అంతకంటే చిన్నవారికి లేదు. వీసా రాకపోయినా రుసుము తిరిగి రాదు. 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. పాస్‌పోర్టు గత పదేళ్లలోపు జారీ అయినదై ఉండాలి. తిరుగు ప్రయాణం తర్వాత మరో 3 నెలలు చెల్లాలి.

బ్యాంకు ఖాతాలో దరఖాస్తుకు ముందు వారం అప్పు తెచ్చి పెద్ద మొత్తం వేయడం మేలు కన్నా కీడే చేస్తుంది. అధికారి చూసేది నెలనెలా జరిగిన రాకపోకలను. తండ్రికి పింఛను ఉంటే ఆ పత్రం, దుకాణం ఉంటే దాని లైసెన్సు, పొలం ఉంటే పాసుపుస్తకం జతచేయాలి. ఇక్కడ తిరిగి రావలసిన ఇల్లూ పనీ ఉన్నాయని చెప్పేవి అవే. ఖర్చు సంతానం భరించేటట్లయితే జర్మనీలో ఉన్నవారు అక్కడి విదేశీయుల కార్యాలయంలో అధికారిక బాధ్యతా పత్రం తీసుకొని పంపవచ్చు. ఫ్రాన్సులో ఇంట్లో అతిథులను ఉంచుకునేవారు అక్కడి పురపాలక కార్యాలయం నుంచి ఆతిథ్య పత్రం తీసుకోవాలి.

మన ఇళ్లలో ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేర్లది. ఒకే మనిషి ఆధార్‌లో 'ఎం.డి.', పాస్‌పోర్టులో 'మొహమ్మద్', బడి సర్టిఫికెట్‌లో 'మహ్మద్' అయి ఉంటాడు. తల్లి పేరు ఒకచోట 'బీ' అని, మరొకచోట 'బేగం' అని ఉంటుంది. వీటిని వీసా సమయంలో కాదు, ఏడాది ముందే సరిచేసుకోవాలి. నికాహ్‌నామా ఉర్దూలో ఉంటే వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగం నుంచి వివాహ ధ్రువపత్రం పొందడం మేలు.

వీసా తిరస్కరిస్తే కారణం రాసి ఇస్తారు. అప్పీలు చేసుకునే హక్కు ఉంటుంది. లోటును సరిచేసి మళ్లీ దరఖాస్తు చేయవచ్చు. సత్యం చెప్పి తిరస్కరణ పొందినవానికి దారి తెరిచే ఉంటుంది.

విజిట్ మీద పనికి వెళితే

గల్ఫ్ అనుభవం మనకు ఈ పాఠాన్ని ఎన్నడో నేర్పింది. విజిట్ మీద వెళ్లి గడువు దాటిన వానిని మనవాళ్లే 'ఖల్లివెల్లి' అంటారు. అతనికి జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి ధైర్యం ఉండదు, జబ్బు చేసినా ఆసుపత్రికి వెళ్లలేడు. తల్లి మరణించినా జనాజాకు రాలేడు. ఎమిరేట్స్ ప్రభుత్వం 2018లోనూ 2024లోనూ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు గాని అనేకులు ఇంటి ముఖం చూడలేకపోయారు. పదవ తరగతి సర్టిఫికెట్ లేనివారి పాస్‌పోర్టు ఈసీఆర్ కోవలోకి వస్తుంది. గల్ఫ్ మొదలైన 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వారికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ అనుమతిని తప్పించుకోవడానికే ఏజెంట్లు విజిట్ వీసా అంటగడతారు. దానితోపాటు పనిమనిషికి దక్కవలసిన నమోదైన ఒప్పందమూ, 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా రక్షణా పోతాయి.

ఐరోపాలో పరిస్థితి ఇంతకంటే సులభం కాదు. 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ముఖచిత్రంతో రాకపోకలను నమోదు చేసే కొత్త పద్ధతి దశలవారీగా మొదలైంది. ఎవరు ఎన్ని రోజులు అదనంగా ఉన్నారో యంత్రమే లెక్క చెబుతుంది. పట్టుబడితే మళ్లీ ప్రవేశంపై సంవత్సరాల తరబడి నిషేధం పడవచ్చు. పని చేయాలనుకునేవారికి పని వీసాయే దారి. భాష నేర్చుకోవాలి, చేతికి ఒక హునర్ ఉండాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా విదేశీ ఉద్యోగాల ప్రకటనలు వెలువడుతుంటాయి. ప్రైవేటు ఏజెంటు నమోదైనవాడో కాదో ఈ-మైగ్రేట్‌లో చూసుకోవచ్చు. అతడు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే.

డబ్బు చేతులు మారేముందు

తల్లులారా, సోదరీమణులారా! కొడుకు ప్రయాణానికి ముందుగా కరిగేది మీ మెడలోని బంగారమే. అది తాకట్టుకు వెళ్లేముందు మీరే మూడు ప్రశ్నలు అడగండి. వీసా మీద ఏమని రాసి ఉంది, వెళ్లి చేయబోయేది ఏమిటి, రెండూ ఒక్కటేనా? ఫైలులో ఉన్న ప్రతి కాగితమూ నిజమేనా? కట్టిన ప్రతి రూపాయికీ రశీదు ఉందా? వీటిలో ఒక్కదానికి జవాబు రాకపోయినా ఆ డబ్బు ఇంటి గడప దాటనివ్వకండి. వడ్డీ అప్పుతో, అసత్యపు సంతకంతో మొదలైన ప్రయాణంలో బర్కత్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇస్తిఖారా చేయండి. తెలిసినవారితో మష్వరా చేయండి. ఆపై సత్యం రాసి సంతకం చేయండి. ప్రసాదించేవాడు అల్లాహ్. కాన్సులేటు అధికారి, ఏజెంటు కేవలం నిమిత్తమాత్రులు. మన సంతానపు ప్రయాణాలను హలాల్ మార్గంలో సుగమం చేయుగాక, వారిని క్షేమంగా మన కళ్లముందుకు చేర్చుగాక. ఆమీన్.