జబ్బు లేనివారూ మింగవలసిన మాత్ర

తెనాలి మూడు కాలువల ఊరు. రేపల్లె, బాపట్ల సముద్రానికి దగ్గరి డెల్టా ఊళ్లు. ఇక్కడ నీటికి కొదవ లేదు గాని నేల పల్లం. మురుగు త్వరగా పారిపోదు. వీధి చివర నిలిచి కుళ్లిన ఆ నీరే దోమకు పుట్టిల్లు. అందుకే బోదకాలు మన పెద్దలకు కొత్త జబ్బు కాదు. లుంగీ కిందికి లాక్కుని వాచిన కాలు దాచుకునే వృద్ధులను మనం ఎరుగుదుం. కాలు వాచిన పిల్లకు సంబంధం కుదరడం కష్టం. జ్వరం వచ్చి పడుకున్న రోజు కూలివాడికి కూలి లేదు. ప్రాణం తీయకుండానే ఇంటిని కుంగదీసే జబ్బు ఇది.

దారంలా సన్నని పురుగు దీనికి మూలం. మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ కాటుతో అది ఒంట్లో చేరుతుంది. శోషరస నాళాలలో ఏళ్ల తరబడి ఉండి పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు రాత్రివేళ నెత్తురులోకి వస్తాయి. ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట వచ్చి రక్తపు చుక్క అడిగేది అందుకే.

“మాకే జబ్బూ లేదు, మాకెందుకు మందు?” అని మొహల్లాల్లో చాలామంది అడుగుతారు. నెత్తురులో పురుగు పిల్లలున్న వారిలో ఎక్కువమందికి వాపు గాని, నొప్పి గాని కనిపించదు. అటువంటి వారిని కుట్టిన దోమే పక్కింటి బిడ్డకు జబ్బు మోసుకుపోతుంది. మనం మింగే మాత్ర పొరుగువారి హక్కు కూడా అని మేము చెప్పేది ఇందుకే.

ఆ మాత్ర పేరు డీఈసీ. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించారు. అక్కడే 1947లో ఈ మందు వెలుగు చూసింది. మన దేశంలో 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో ఏటా ఒకసారి అందరికీ పంచే కార్యక్రమం సాగింది. డీఈసీతో పాటు ఆల్బెండజోల్ మాత్ర ఒకటి ఇస్తారు. ఇంటి వద్దకే ఉచితంగా వస్తుంది. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడిన వారికి ఇవ్వరు. ఖాళీ కడుపుతో మింగరాదు. మింగాక కొందరికి తలనొప్పి, కొద్దిపాటి జ్వరం రావచ్చు. ఒంట్లో పురుగులు చస్తున్నందున వచ్చే బాధ అది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. దానికి భయపడి మాత్రను గూట్లో పెడితే ప్రభుత్వం ఖర్చూ వృథా, మన బిడ్డల ఆరోగ్యమూ వృథా.

ఇది కాని పని కాదు. చైనా వంట ఉప్పులో డీఈసీ కలిపి ప్రజలకిచ్చింది. 2007లో జబ్బు పోయిందని ప్రకటించింది. ఈజిప్టు 2017లో, బంగ్లాదేశ్ 2023లో బోదకాలును నిర్మూలించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. బంగ్లాదేశ్ మనకంటే సంపన్న దేశమేమీ కాదు.

ఇక దోమ సంగతి. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టానికి కట్టే నైలాన్ వల ముక్కకు పెద్ద ఖర్చు లేదు. జాంజిబార్ దీవిలో మరుగుదొడ్ల గుంతల నీటిపై తేలే థర్మోకోల్ పూసలు పోసి, ప్రజలకు డీఈసీ ఇచ్చి మంచి ఫలితం సాధించారు. మన మస్జిదుల్లో వజూ నీరు వెళ్లే కాలువ నిలవకుండా చూసుకోవడం కమిటీల బాధ్యత. జుమాకు వచ్చే నలుగురు యువకులు పార పట్టుకుంటే ఒక పూట పని.

ఇప్పటికే కాలు వాచినవారు నిరాశపడనక్కరలేదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో ఉంచితే పదేపదే వచ్చే జ్వరం తగ్గుతుంది. వజూలో కాలివేళ్ల మధ్య ఖిలాల్ చేసే అలవాటున్న మనకు ఇది కష్టమైన పాఠం కాదు. తడి ఆరబెట్టడం మాత్రం మరువకూడదు. వరిబీజం ఆపరేషన్‌తో నయమవుతుంది. సిగ్గుతో దాచుకోవద్దు.

ఆరోగ్య కార్యకర్త మాత్రలతో తలుపు తట్టినప్పుడు ఆమె ఎదుటే, ఇంటిల్లిపాదీ మింగండి. ఇరుగుపొరుగు చేత మింగించండి.