దీపం దూరంగా ఉందా, పొగ అడ్డొచ్చిందా?

హైదరాబాదు పాతబస్తీలో ఫిసల్‌బండ అనే చోటు ఉంది. సంతోష్‌నగర్ వైపు పోయే వాళ్ళకు ఆ పేరు తెలుసు. నూరేళ్ళకు పైగా వెనక అక్కడ జఫర్ జంగ్ అనే నవాబుకు జాగా ఉండేది. ఆయనకు ఆకాశంలో చుక్కలంటే ప్రాణం. 1901లో ఇంగ్లండు నుంచి పెద్ద దుర్భిణి తెప్పించాడు. దుర్భిణి అంటే దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే గొట్టం. దాని అద్దం వెడల్పు 15 అంగుళాలు. అంటే రొట్టెలు కాల్చే పెద్ద పెనమంత.

నవాబు 1907లో చనిపోయాడు. మరుసటి ఏడు నిజాం సర్కారు ఆ పని తన చేతిలోకి తీసుకుంది. తర్వాత దాన్ని బేగంపేటకు మార్చారు. అదే నిజామియా అబ్జర్వేటరీ. ఆకాశంలో తమ వంతుకు వచ్చిన భాగాన్ని ఫోటోలు తీసి, ఏ చుక్క ఎక్కడుందో కొలిచి, 7 లక్షలకు పైగా చుక్కల లెక్క రాశారు అక్కడి వాళ్ళు.

టి.పి. భాస్కరన్ గారు అక్కడ పెద్దగా ఉన్నప్పుడు, 1922లో, ఇంకో పని మొదలయ్యింది. కొన్ని చుక్కల వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అటువంటి చుక్కను పక్క చుక్కలతో పోల్చి చూడాలి. ఇవాళ ఎంత వెలుగుంది, రేపు ఎంత ఉంది అని రాసుకోవాలి. విసుగు పుట్టించే పనే. కాని విశ్వం సంగతులు చాలావరకు ఇటువంటి ఓపికతోనే తెలిశాయి.

విశ్వం అంటే ఏమిటి? మన భూమి, సూర్యుడు, చుక్కలు, చుక్కల గుంపులు, అన్నీ కలిసి విశ్వం.

కొన్ని చుక్కలు చివరికి పేలిపోతాయి. దాన్ని సూపర్‌నోవా అంటారు. అందులో ఒక రకం ఉంది. అవి పేలినప్పుడు వచ్చే వెలుగు ఎక్కడైనా దాదాపు ఒక్కటే. కొద్దిగా తేడా ఉన్నా లెక్కతో సరిచేయవచ్చు.

దీనితో మనకేం లాభం? లాడ్ బజారులో వరసగా ఒకే తీరు బల్బులు కట్టారనుకోండి. దగ్గరి బల్బు జిగేల్‌మంటుంది. చివరిది మసకగా ఉంటుంది. బల్బులన్నీ ఒకటే గనుక, మసకను చూసి దూరం చెప్పొచ్చు. పేలే చుక్కలు కూడా అట్లాంటి బల్బులే.

ఇంకో సంగతి. ఒక ఎలాస్టిక్ నాడా మీద పూసలు కుట్టి లాగండి. ప్రతి పూసా పక్క పూసకు దూరమవుతుంది. విశ్వం కూడా అట్లా సాగుతోంది. చుక్కల గుంపులు ఒకదానికొకటి దూరమవుతున్నాయి. హబుల్ అనే అమెరికా శాస్త్రవేత్త 1929లో దీనికి లెక్క చూపించాడు. వెలుగు అలలుగా వస్తుంది. దారిలో విశ్వం సాగితే ఆ అలలు కూడా సాగుతాయి. సాగిన వెలుగు ఎరుపు వైపు జరుగుతుంది.

అదే ఏడు జ్విక్కీ అనే ఆయన అడ్డం తగిలాడు. విశ్వం సాగడం లేదేమో, అంత దూరం నడిచిన వెలుగు అలసిపోయి ఎర్రబడిందేమో అన్నాడు. మంచి ప్రశ్నే. ఎట్లా తేల్చాలి?

పేలిన చుక్కే తేల్చింది. దగ్గరి చుక్క పేలితే వెలుగు నిండా పెరగడానికి సుమారు 20 రోజులు పడుతుంది. వెలుగు బయలుదేరినప్పటి నుంచి విశ్వం రెండింతలు సాగి ఉంటే, మనకు ఆ పెరుగుదల 40 రోజులు కనబడాలి. వెలుగు ఊరికే అలసిపోతే 20 రోజులే కనబడాలి. కొలిచి చూశారు. దూరపు పేలుళ్ళు నిజంగానే నిదానంగా పెరిగి నిదానంగా ఆరుతున్నాయి. 2024లో సుమారు 1,500 పేలుళ్ళతో మళ్ళీ చూసినా అదే మాట. అలసట వాదం ఓడిపోయింది.

ఇక అసలు తగువు. పైకి విసిరిన రాయి వేగం తగ్గుతుంది కదా. విశ్వం సాగే వేగం కూడా తగ్గుతూ ఉండాలని అందరూ అనుకున్నారు. 1998లో రెండు బృందాలు వేరువేరుగా చూశాయి. దూరపు పేలుళ్ళు అనుకున్నదానికన్నా మసకగా ఉన్నాయి. అంటే అనుకున్నదానికన్నా దూరంగా ఉన్నాయి. అంటే వేగం తగ్గడం లేదు, పెరుగుతోంది! ఈ పనికి 2011లో పెర్ల్‌మటర్, ష్మిట్, రీస్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది.

కాని దీపం మసకగా ఉంటే దూరంగా ఉన్నట్టేనా? మధ్యలో పొగ ఉన్నా మసకగానే కనబడుతుంది. ఈ మాట అడిగిన వాళ్ళు ఉన్నారు. మన దేశపు జయంత్ నార్లీకర్ వారిలో ఒకరు. పుణెలో పనిచేసిన పెద్ద శాస్త్రవేత్త, 2025లో చనిపోయారు. చుక్కల మధ్య సన్నని ఇనుప సూదుల వంటి దుమ్ము ఉందేమో అన్నది ఆయన బృందం వాదన.

మామూలు దుమ్ము అయితే దొరికిపోతుంది. దుమ్ములోంచి చూస్తే సాయంకాలం సూర్యుడు ఎర్రగా ఉంటాడు కదా. ఈ పేలుళ్ళలో అంత ఎరుపు లేదు. మరి రంగు మార్చని దుమ్ము అయితే? దానికీ పరీక్ష ఉంది. అంతటా దుమ్ము ఉంటే, దూరం పోయినకొద్దీ మసక పెరుగుతూనే ఉండాలి. వేగం ఈమధ్య కాలంలోనే పెరిగి ఉంటే, మరీ దూరపు పేలుళ్ళు అంత మసకగా ఉండవు. ఎందుకంటే అవి వేగం ఇంకా తగ్గుతున్న రోజుల నాటివి. 2001లో హబుల్ పేరు పెట్టిన అంతరిక్ష దుర్భిణి బొమ్మల్లో అట్లాంటి పేలుడు ఒకటి తేలింది. అది దుమ్ము లెక్క చెప్పినంత మసకగా లేదు. తర్వాత దొరికినవీ అట్లాగే ఉన్నాయి. నార్లీకర్ వైపు వాళ్ళు లెక్కలు సవరించి, తమదీ సరిపోతుందనే అన్నారు. చాలామంది ఒప్పుకోలేదు. నాకైతే ఆయన అడగడమే మంచిదయింది అనిపిస్తుంది. అడగకపోతే ఇంత గట్టిగా ఎవరు పరీక్షించేవారు?

విశ్వాన్ని తోస్తున్నది ఏమిటి? దానికి డార్క్ ఎనర్జీ అని పేరు పెట్టారు. పేరు ఉంది గాని అదేమిటో ఎవరికీ తెలియదు. ఆ తోపు నెమ్మదిగా బలం తగ్గుతోందేమోనని 2024, 2025లో వచ్చిన కొన్ని కొలతలు చెబుతున్నాయి. ఇంకా తేలలేదు. చిలీ దేశంలో కొండ మీద రూబిన్ అనే కొత్త దుర్భిణి 2025లో మొదటి బొమ్మలు చూపించింది. పదేళ్ళ పాటు అది ఆకాశాన్ని మళ్ళీ మళ్ళీ ఫోటో తీసి, కొత్తగా పేలిన చుక్కలను వెతుకుతుంది.