వాడుక పాలతో పాడి కుటుంబాలకు నిలకడైన ఆదాయం

పట్టణాల శివారు గ్రామాలలో రెండు మొదలుకొని ఐదు గేదెల వరకు పోషిస్తూ జీవనం సాగించే కుటుంబాలు అనేకం ఉన్నాయి. పాలు నిలవ ఉండే సరుకు కాదు. ఉదయం పితికిన పాలు కొద్ది గంటలలో అమ్ముడుపోవాలి. కొనేవారు రాని రోజున కూడా దాణా, పచ్చిమేత ఖర్చు ఆగదు. ఈ అనిశ్చితి నుంచి బయటపడేందుకు తెలుగునాట చిరకాలంగా ఉన్న మార్గం ‘వాడుక’. నిర్ణీత ఇళ్లకు ప్రతి దినం నిర్ణీత పరిమాణంలో పాలు పోసి, నెలకొకసారి సొమ్ము స్వీకరించే ఈ పద్ధతిని సక్రమంగా నిర్వహించినట్లయితే చిన్న పాడి కుటుంబానికి ఉద్యోగి జీతం వలె నెలనెలా ఆదాయం సమకూరుతుంది.

వేసవి దిగుబడే కొలమానం

వాడుక విఫలం కావడానికి ప్రధాన కారణం ఇళ్లు దొరకకపోవడం కాదు, ఒప్పుకున్న పాలు పోయలేకపోవడం. గేదెల పాల దిగుబడి శీతకాలంలో పెరిగి, వేసవిలో ఎండలకు, పచ్చిమేత కొరతకు తగ్గుతుంది. పైగా చూడి గేదెను ఈతకు ముందు కనీసం రెండు నెలలు వట్టిపోనివ్వాలి. సంక్రాంతి నాటి దిగుబడిని చూసి ఇళ్లు ఒప్పుకున్న కుటుంబం మే నెలలో మాట తప్పవలసి వస్తుంది. నీళ్లు కలిపే ప్రలోభం తలెత్తేది కూడా అప్పుడే. ఒక్కసారి నమ్మకం పోయిన ఇల్లు తిరిగి రావడం కష్టం.

ఉదాహరణకు నాలుగు గేదెలు గల కుటుంబానికి శీతకాలంలో దినానికి 32 లీటర్లు, ఒక గేదె వట్టిపోయిన వేసవిలో 22 లీటర్లు లభిస్తాయనుకుందాం. ఇంటి అవసరానికి 2 లీటర్లు, ఆకస్మిక కొరతకు మరో 2 లీటర్లు మినహాయిస్తే వాడుకకు ఒప్పుకోదగినది 18 లీటర్లు మాత్రమే. శీతకాలంలో అదనంగా మిగిలే పాలను వెన్న శాతాన్ని బట్టి ధర చెల్లించే పాల కేంద్రానికి పోయవచ్చు. లేదా పెరుగు, నెయ్యిగా మార్చి అమ్ముకోవచ్చు. గేదెలన్నీ ఒకేసారి వట్టిపోకుండా ఈతల మధ్య ఎడం ఉండేటట్లు చూసుకోవడం కూడా అవసరం.

బాకీల భారం

లీటరు ధర 80 రూపాయలనుకుంటే 18 లీటర్ల వాడుకపై 30 దినాలకు 43,200 రూపాయలు రావాలి. లీటరు చొప్పున పోయించుకునే 10 ఇళ్లు ఒక నెల బాకీ పడితే 24,000 రూపాయలు, అనగా రాబడిలో సగానికి పైగా నిలిచిపోతుంది. ఆ నెల దాణా అప్పుపై తేవలసి వస్తుంది. వడ్డీ భారం పాల ధరలోని స్వల్ప మిగులును హరిస్తుంది. కనుక బాకీ పెరగనివ్వకుండా పదిహేను దినాలకొకసారి లెక్క తేల్చుకోవడం, కొత్త ఇంటి నుంచి పదిహేను దినాల సొమ్ము ముందుగా స్వీకరించడం శ్రేయస్కరం. 2016లో ప్రారంభమైన యూపీఐ చెల్లింపుల వలన ఇంటింటికీ తిరిగి వసూలు చేసే శ్రమ తగ్గింది. ఆ జమలు బ్యాంకు ఖాతాలో నమోదై కుటుంబ ఆదాయానికి ఆధారంగా నిలుస్తాయి. పశుపోషకులకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయాన్ని వర్తింపజేస్తున్నట్లు 2018-19 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన నేపథ్యంలో, రుణానికి దరఖాస్తు చేసుకునే రైతుకు ఇటువంటి ఆధారం ఎంతో ఉపకరిస్తుంది.

నాగాల లెక్క

వాడుకలో తగవులకు మూలం నాగాలే. ఊరికి వెళ్లిన దినాలకు సొమ్ము కోతపెట్టలేదని గృహిణి, చెప్పకుండా తలుపు వేసుకొని వెళ్లారని పాలు పోసేవారు వాదించుకోవడం పరిపాటి. ముందు రోజు సాయంత్రంలోగా తెలిపిన నాగాకు పూర్తిగా సొమ్ము తగ్గించడం, తెలపని నాగాకు తగ్గించకపోవడం అనే నియమాన్ని తొలిరోజే స్పష్టం చేయాలి. ఇంటి వద్ద ఒకటి, పాలు పోసేవారి వద్ద ఒకటి చొప్పున రెండు కార్డులలో ప్రతి దినం గుర్తు పెట్టుకుంటే వివాదానికి తావుండదు. పైన పేర్కొన్న ఉదాహరణలో ఇంటికి నెలకు రెండు నాగాలు వచ్చినా 40,320 రూపాయల రాబడి ఉంటుంది. కుటుంబ ఖర్చుల అంచనాకు ఈ తగ్గించిన మొత్తాన్నే ప్రాతిపదికగా తీసుకోవాలి. ధర పెంచవలసి వచ్చినప్పుడు నెల ముందుగా తెలియజేయడం మర్యాద మాత్రమే కాక, ఇళ్లు చేజారకుండా కాపాడే జాగ్రత్త కూడా.

చట్టపరమైన బాధ్యతలు

ఇళ్లకు నేరుగా పాలు అమ్మేవారు ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 కింద తమ వ్యాపార స్థాయిని బట్టి రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు పొందాలి. నీళ్లు కలిపిన పాలు అమ్మడం ఈ చట్టం కింద జరిమానాకు దారితీస్తుంది. కొలపాత్రలకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. తాజా పాలపై వస్తు, సేవల పన్ను లేదు.

వాడుకకు పెట్టుబడి పెద్దగా అవసరం లేదు. కావలసింది సరైన లెక్క, తప్పని మాట. పశువైద్య సిబ్బంది పాడి రైతులను కలిసిన సందర్భాలలో పశువుల ఆరోగ్యంతో పాటు వేసవి దిగుబడిని అంచనా కట్టి, ఎన్ని ఇళ్లు ఒప్పుకోవచ్చో వివరించగలిగితే అనేక కుటుంబాలు అప్పుల బారిన పడకుండా ఉంటాయి. పోయగలిగినంతకే మాట ఇచ్చి, ఇచ్చిన మాట నిలబెట్టుకున్న కుటుంబానికి వాడుక ఇళ్లే తరగని ఆస్తి.