కోళ్ళకి ప్యూపా పొడి: మేలు ఎంత, ప్రమాదం ఎక్కడ

దాజీ పేట్, సోలాపూర్



షెడ్డుతో పాటు ఇంటి దగ్గర నాలుగు నాటుకోళ్ళు పెంచుకునేవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాము. "పురుగులు కోళ్ళకి బలం గదా, వేస్తే ఏమవుతుంది?" అని అడుగుతుంటారు. ఏ పురుగు, ఎలా వేస్తున్నాము అన్నదాని మీద ఉంటుంది. రీలింగ్‌లో ఉడికి బయటికొచ్చిన ప్యూపా మంచి మేత. పడకలో రోగంతో చచ్చిన పురుగు మాత్రం మేత కాదు, మన వచ్చే పంటకే దెబ్బ.

*ప్యూపాలో ఏముంది?*
100 కిలోల పచ్చి గూళ్ళలో ఇంచుమించు 78 నుంచి 80 కిలోలు ప్యూపా బరువే. అందులో ముప్పాతిక వంతు నీళ్ళు. ఎండితే సుమారు 20 కిలోలు మిగులుతుంది. ఆ ఎండుదాంట్లో సగానికి పైగా మాంసకృత్తులు, పాతిక శాతం దాకా కొవ్వు ఉంటాయి. సోయా చెక్కలో తక్కువగా ఉండే మిథియోనిన్ ఇందులో బాగా ఉంటుంది. కోడి ఎదగాలన్నా, ఈకలు నిండుగా రావాలన్నా అది కావాలి. దాణాలో వేసే చేపల పొడిలో సగం దాకా తీసేసి ప్యూపా పొడి పెట్టినా ఎదుగుదల తగ్గలేదని ప్రయోగాల్లో తేలింది.

మా దాజీ పేట్ మగ్గాల మీద నూలు దుప్పట్లు, టవళ్ళే ఎక్కువ. మా వైపు గూళ్ళు రామనగరం మార్కెట్ దాకా కూడా పోతాయి, ప్యూపా అక్కడే ఉండిపోతుంది. హిందూపురం, ధర్మవరం, మదనపల్లె వైపువాళ్ళకి రీలింగ్ యూనిట్లు దగ్గర కాబట్టి మీకే వీలు ఎక్కువ.

*ఎలా వాడాలి?*
1. రీలింగ్ అయిన రోజే తెచ్చుకోండి. తడి ప్యూపా ఒక్క రోజులోనే కుళ్ళు వాసన పడుతుంది.
2. పట్టా మీద పల్చగా పరిచి, నలిపితే పటుక్కున విరిగేదాకా ఎండబెట్టి పొడి కొట్టండి.
3. 100 కిలోల దాణాకి 5 కిలోలు మించొద్దు. ఎక్కువైతే గుడ్డుకి, మాంసానికి వాసన వస్తుంది.
4. గాలి తగలని డబ్బాలో, కొద్ది కొద్దిగానే చేసుకోండి. కొవ్వు ముక్కితే దాణాలోని విటమిన్ ఇ పోతుంది. అది తక్కువైన పిల్లలు తూలతాయి, మెడ వంకర పోతుంది. నూనె తీసిన పొడి అయితే ఎక్కువ నాళ్ళు నిలవుంటుంది.
5. ప్యూపాలో కాల్షియం తక్కువ. గుడ్లు పెట్టే కోళ్ళకి గుల్ల పొడి విడిగా వేయాలి. పడకల మీద చల్లే మందు సున్నం దానికి పనికిరాదు.

*ఇది మాత్రం చేయొద్దు*
పాలురోగం, పెబ్రిన్, సున్నపుకట్టు తగిలిన పురుగుల్ని కోళ్ళ ముందు పారేయొద్దు. కోడికి ఆ రోగాలు రావు, నిజమే. కానీ పాలురోగం వైరస్, పెబ్రిన్ బీజాలు కోడి కడుపులో చావకుండా రెట్టలో బయటికి రావచ్చు. ఆ రెట్ట మల్బరీ తోటలో పడ్డా, కాళ్ళకి అంటి షెడ్డులోకి వచ్చినా రోగం తిరిగి పురుగుకే చేరుతుంది. గుప్పెడు మేత కోసం పంట మొత్తం పోగొట్టుకోవడం ఏం లెక్క? పైగా ఆ పురుగుల మీద మనం చల్లిన మందులు కూడా ఉంటాయి. రోగం పురుగుల్ని ఏరి, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళ బేసిన్‌లో వేసి, తర్వాత దూరంగా కాల్చండి లేదా లోతుగా పూడ్చండి. కోళ్ళని తోటలోకి, షెడ్డు చుట్టుపక్కలకి రానీయొద్దు.

చివరిగా ఒక మాట. ఎంత మంచి మేత పెట్టినా అది టీకాకి బదులు కాదు. కొక్కెర తెగులు వస్తే ప్యూపా పొడి ఏ కోడినీ కాపాడదు. ముందు టీకా వేయించండి, మేత సంగతి ఆ తర్వాత చూసుకుందాం.