సర్వరు నిద్రపోతే లేపేదెవరు?

తెలుగు యం.ఏ. చదివినవాడికి సర్వరుతో పనేమిటని మీరడగవచ్చు. నేనూ అదే అడిగాను. మా కాలేజీ వెబ్‌సైటు ఎవరికప్పగించాలని స్టాఫ్ మీటింగులో చర్చ వచ్చిననాడు కంప్యూటరు శాఖవారు లాబ్ పని వుందన్నారు, లెక్కల మేష్టారు పరీక్షల పని వుందన్నారు. "మీరైతే భాషలో తప్పులుండవు" అంటూ ప్రిన్సిపాలుగారు నావైపు తిరిగారు. అచ్చుతప్పులు దిద్దడమే గదా అనుకుని తలవూపాను. అదీ నేను చేసిన పొరపాటు.

కిందటేడు వొక శనివారం రాత్రి పదకొండు గంటలకు మా సైటు ఆగిపోయింది. పరీక్ష దరఖాస్తులకు ఆదివారం అర్ధరాత్రితో గడువు సరి. సోమవారం పొద్దున్న పదిగంటలకు బి.కాం. రెండో సంవత్సరం అమ్మాయి వొకతె తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆదివారం నాడు మూడుసార్లు నెట్ సెంటరుకు వెళ్ళి వచ్చారట. పొలం పని మానుకుని ఆయన కూతురి వెంట తిరిగాడు. "మీ కంప్యూటరు పలకలేదండీ మేష్టారూ" అన్నాడాయన. ఆ మాటలో కోపం లేదు. అందుకే మరీ గుచ్చుకుంది.

ప్రిన్సిపాలుగారు ఆ పిల్ల దరఖాస్తు కాగితం మీద తీసుకున్నారు. వచ్చి అడిగింది గనుక తీసుకున్నారు. అడగడానికి మొహమాటపడి ఇంట్లోనే వూరుకున్న వాళ్ళెందరో! ముప్ఫైఅయిదు గంటలు సైటు మూతపడి వుంటే, ఆ అమ్మాయి వచ్చి చెప్పేదాకా మాలో వొక్కరికీ తెలియదు. సర్వరు అద్దెకిచ్చిన కంపెనీకి ఫోను చేస్తే, "మాకెవరూ చెప్పలేదండీ" అన్నారు!

ఆనాటినుంచి మా సర్వరుకు కాపలావాణ్ణి వెదకడం మొదలుపెట్టాను. వెదకబోతే అదొక పెద్ద సంత.

అన్నిటికంటె పాతకాపు పింగ్ అనే చిన్న ప్రోగ్రాము. 1983 డిసెంబరులో అమెరికాలో మైక్ మూస్ అనే ఆయన రాశాడు. నీళ్ళలోకి శబ్దాన్ని పంపి, ప్రతిధ్వని కోసం చెవొగ్గి కూర్చునే సోనార్ పద్ధతి ఆయన మనసులో వుండి, ఆ చప్పుడు పేరే దీనికీ పెట్టాడు. ఇది యంత్రాన్ని "వున్నావా?" అని అడుగుతుంది. "ఆఁ" అంటే చాలు, తృప్తిపడుతుంది. అంటే హాజరు తీసుకోవడమన్నమాట. వెనక బెంచీలో కునికే కుర్రవాడు కూడా పేరు పిలవగానే "ప్రెజెంట్ సార్" అంటాడు. పాఠం అప్పజెప్పమంటే గదా అసలు సంగతి బయటపడేది!

అందుచేత పేజీనే తెప్పించి చూసే కాపలా కావాలి. పేజీ అడిగినప్పుడు సర్వరు వొక అంకె చెబుతుంది. 200 అంటే క్షేమం. 404 అంటే అడిగిన పేజీ లేదు. 500, 503 వంటివి సర్వరు ఇంట్లోనే ఏదో గొడవ వున్నదనడానికి గుర్తులు. ఇది తెలుసుకుని, పెద్ద పండితుణ్ణయిపోయాననుకుని, మా మొదటి పేజీకి కాపలా పెట్టాను. సరస్వతీదేవి బొమ్మ, ప్రిన్సిపాలుగారి సందేశం వున్న పేజీ అది. నెలతిరక్కుండానే దరఖాస్తుల డేటాబేసు పడిపోయింది. సరస్వతీదేవి మాత్రం చెక్కుచెదరలేదు. "అంతా క్షేమం" అని నా కాపలావాడు నిశ్చింతగా కబురు పంపుతూనే వున్నాడు!

అప్పుడు తెలిసింది: పిల్లలు వాడే పేజీనే చూడమనాలి, దానిలో ఫలానా మాట కనబడుతున్నదా లేదా అని కూడా చూడమనాలి. ఇప్పుడు మా దరఖాస్తు పేజీలో, డేటాబేసు పలికితేనే కనబడే నాలుగు మాటలున్నాయి. అవి కనబడకపోతే సర్వరు 200 అని వొట్టేసినా నమ్మవద్దని చెప్పాను.

ఇక కాపలావాడు ఎక్కడ కూర్చోవాలి? 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ మొదలుపెట్టిన నాగియోస్, లాత్వియా దేశంలో పుట్టిన జాబిక్స్ వుద్దండపిండాలు. వందల యంత్రాలను చూసుకోగలవు. కాని వాటిని చూసుకోవడానికి మళ్ళీ వొక మనిషి కావాలి. మా పాత విద్యార్థి వొకడు, "అంత గుర్రం మీకెందుకండీ, అప్‌టైమ్ కుమా పెట్టుకోండి" అన్నాడు. 2021లో వెలువడిన వుచిత సాధనమది. ఇరవై సెకన్లకొకసారి చూడమన్నా చూస్తుంది, టెలిగ్రాములో కబురు పెడుతుంది. నాకు నచ్చింది. డబ్బు కలిసివస్తుందని దాన్ని మా సైటున్న సర్వరులోనే పెట్టించాను. ఇంటికి నిప్పంటుకుంటే ఆ ఇంట్లోనే పడుకున్న వాడు ఎవర్ని కేకేస్తాడని ఆలోచించలేదు.

ఈ తెలివితక్కువ నా వొక్కడిదే కాదు లెండి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్కూ, వాట్సాపూ, ఇన్‌స్టాగ్రామూ ఆరుగంటలపాటు ప్రపంచమంతటా మూగబోవడం మీకు జ్ఞాపకం వుండేవుంటుంది. మామూలు మరమ్మతు పనిలో ఇచ్చిన వొక ఆజ్ఞ వాళ్ళ కేంద్రాల మధ్య దారులన్నీ తెంపేసింది. ఆ మరమ్మతుకు వాడవలసిన సొంత సాధనాలు కూడా ఆ దారులమీదనే నడిచేవి. చివరికి ఇంజనీర్లు స్వయంగా సర్వర్ల దగ్గరకు వెళ్ళవలసి వచ్చింది. అంతటివారికే అలా అయింది.

కనుక బయటివాడు కావాలి. స్వీడన్‌లో పుట్టి, 2014లో అమెరికా కంపెనీ చేతికి పోయిన పింగ్‌డమ్ వుంది; దానికి రుసుము చెల్లించాలి. అప్‌టైమ్ రోబో అయిదు నిమిషాలకొకసారి వూరికే చూసిపెడుతుంది. కాని వుచితం ఎవరికి, ఎందుకు అన్న నిబంధనలు చేరేముందు చదువుకోవాలి. మా బోటివాళ్ళకు అయిదు నిమిషాలు చాలు. అంతకంటె ముఖ్యం, వొకచోటినుంచి పలకలేదని వెంటనే గోల చేయకుండా మరి రెండుచోట్లనుంచి అడిగి చూసేవాడు కావడం. లేకపోతే "నాన్నా పులి" కథే. నాలుగు రాత్రులు వుత్తుత్తిగా లేపితే అయిదోరాత్రి ఫోను దిండుకింద పెట్టేస్తాం. సర్టిఫికెట్టు గడువూ, డొమైను పేరు గడువూ ముందుగా గుర్తుచేసే సేవ అయితే మరీ మంచిది. సైటు పోవడానికి పిడుగే పడనక్కరలేదు. రెన్యూవలు మరిచిపోతే చాలు.

మాకు సర్వరు అద్దెకిచ్చిన కంపెనీ ప్రకటనలో 99.9 శాతం అని పెద్ద అక్షరాలతో వుంది. లెక్కల మేష్టారి దగ్గర కూర్చున్నాను. ఏడాదికి 8,760 గంటలు. 99.9 శాతమంటే ఏటా ఎనిమిది గంటల నలభైఅయిదు నిమిషాలు ఆగిపోయినా మాట తప్పనట్టే. వుత్త 99 అయితే మూడున్నర రోజుల పైమాటే. మరి ముప్ఫైఅయిదు గంటలు మూతపడిన మా సైటుకో? ఆయన కలం పక్కనపెట్టి, "99.6 వచ్చాయండీ!" అన్నారు. మా కాలేజీలో ఏ పిల్లవాడికైనా ఆ మార్కులొస్తే పేపర్లో ఫొటో వేయిస్తాం. కాని పోయిన ఆ 0.4లోనే గడువునాటి గంటలన్నీ వున్నాయి. ఏడాది శాతం ఎంత వున్నా, ఆ ఆదివారం నెట్ సెంటరు గుమ్మంలో నిలబడ్డ పిల్లకు వొరిగిందేమీ లేదు. అందుకే గడువు వారంలో నేను వెబ్‌సైటుకే కాక, మా దరఖాస్తు నియమాలకూ మరమ్మతు చేయించాను: సైటు ఎన్ని గంటలు ఆగితే అన్ని గంటలు గడువు దానంతటదే జరుగుతుంది. ఆగిన వేళలకు సాక్ష్యం కాపలావాడి చిట్టా. అందులో వేళలు గ్రీనిచ్ లెక్కన వుంటే అయిదున్నర గంటలు కలుపుకోవాలి సుమండీ!

అన్నీ అమర్చాక వొక ఆదివారం మధ్యాహ్నం మా పాత విద్యార్థి చేత సర్వరు కావాలనే ఆపించి, ఎంతసేపట్లో నాకు కబురు వస్తుందో చూద్దామని పడకకుర్చీలో కూర్చున్నాను. పది నిమిషాలయింది, ఇరవై నిమిషాలయింది. కబురు లేదు. ఆ కుర్రవాడే పరుగెత్తుకొచ్చి నా సెల్‌ఫోను తీసి చూశాడు. నాలుగు కబుర్లు వచ్చి వున్నాయి. క్లాసులో మోగకుండా శనివారం నొక్కిన మీట నొక్కినట్టే వుంది.

ఇప్పుడు కబురు వెళ్ళే రెండో నంబరు మా ఆవిడది.